చలిలోంచి తోడిన వేడి

జనవరిలో డ్రామెన్ దగ్గర సముద్రపు నీటిని ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ నీటిలోంచి తీసిన వేడితోనే ఊళ్లో ఇళ్లు, దుకాణాలు, ఆసుపత్రి గదులు వెచ్చగా ఉంటున్నాయి. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయను ఇక్కడ ఫియోర్డ్ అంటారు. దాని లోపల 18 మీటర్ల లోతు నుంచి పెద్ద గొట్టాలతో నీళ్లు తోడతారు. పైన మంచుగడ్డలు తేలుతున్నా ఆ లోతులో నీరు ఏడాది పొడవునా 8, 9 డిగ్రీల దగ్గరే ఉంటుంది. యంత్రం దాన్ని 4 డిగ్రీలకు చల్లార్చి మళ్లీ ఫియోర్డ్‌లోకే వదిలేస్తుంది. ఆ నాలుగైదు డిగ్రీల తేడాలో దొరికిన వేడిని పోగుచేసి, ఇంకో గొట్టంలోని నీళ్లను 90 డిగ్రీల దాకా కాగబెడుతుంది. వీధుల కింద పాతిన గొట్టాల్లో ఆ నీళ్లు ఊరంతా తిరిగి వస్తాయి.

నేను వెళ్లింది ఓస్లో నుంచి. రైల్లో అరగంట పైచిలుకు ప్రయాణం, అందులో పది కిలోమీటర్లకు పైగా సొరంగమే. చీకట్లోంచి రైలు ఒక్కసారిగా కొండ వాలు మీదికి వస్తుంది. కింద మంచు కప్పిన పొలాలు, ఆ పైన ఫియోర్డ్, నదికి రెండు వైపులా పరుచుకున్న డ్రామెన్ కనిపిస్తాయి. ఊరిని చూడటానికి వచ్చేవాళ్లు కొండ మీదికి వెళ్తారు. నేను మాత్రం ఈ యంత్రాలున్న భవనం కోసం వెతుక్కుంటూ నది ఒడ్డున నడిచాను. బయటి నుంచి చూస్తే మామూలు షెడ్డులాంటి కట్టడం. గ్లాస్గోకు చెందిన స్టార్ రెన్యువబుల్ ఎనర్జీ అనే కంపెనీ చేసిన మూడు యంత్రాలు 2011 నుంచి ఇక్కడ పనిచేస్తున్నాయి. మూడూ కలిపి 14 మెగావాట్ల వేడి ఇస్తాయి. పెట్టిన ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి వస్తుంది. లోపల తిరిగేది అమ్మోనియా. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, మన ఐసు ఫ్యాక్టరీల్లో దశాబ్దాలుగా తిరుగుతున్నదీ అదే.

నాలుగు డిగ్రీల నీళ్లలో వేడి ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. సున్నా డిగ్రీలు నీరు గడ్డకట్టే గుర్తు మాత్రమే, వేడి పూర్తిగా అయిపోయే గుర్తు కాదు. అసలైన సున్నా దానికి ఇంకా 273 డిగ్రీల కింద ఉంది. కాబట్టి గడ్డకట్టే చలిగాలిలో కూడా కావలసినంత వేడి ఉంది. అయితే వేడి తనంతట తాను చల్లని చోటి నుంచి వెచ్చని చోటికి వెళ్లదు, తోడి పోయాలి. తక్కువ ఉష్ణోగ్రతలోనే మరిగే ద్రవాన్ని బయటి కాయిల్లో ఆవిరి చేస్తే అది చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కితే వేడెక్కుతుంది. ఇంట్లోని కాయిల్లో అది మళ్లీ ద్రవమై, మోసుకొచ్చిన వేడిని గదిలోకి వదులుతుంది. మన ఏసీ గదిలోని వేడిని బయటికి మోస్తే, ఇది బయటి వేడిని గదిలోకి మోస్తుంది. ఈ రెండింటికీ తేడా ఒక వాల్వే.

ఈ ఆలోచన చాలా పాతది. ఇలాంటి యంత్రంతో ఇళ్లను వెచ్చబరచవచ్చని 1852లో విలియం థామ్సన్ రాశాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధుడైంది ఆయనే. 1856లో ఆస్ట్రియాలోని ఎబెన్‌జేలో పీటర్ ఫాన్ రిటింగర్ ఉప్పునీళ్లు కాచడానికి హీట్ పంప్ కట్టి చూపించాడు. 1938లో జూరిక్ నగర సభా భవనాన్ని పక్కనే పారే లిమాట్ నది నీటిలోని వేడితో వెచ్చబరిచారు. అయినా బొగ్గు, నూనె చవకగా దొరికినంత కాలం ఎవరికీ దీని అవసరం పెద్దగా పడలేదు.

ఈ యంత్రాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక్క సంగతి పట్టుకుంటే చాలు: ఎంత ఎత్తుకు తోడుతున్నాం. నీళ్లు పైపైన ఉన్న బావిలో చేద ఇట్టే వస్తుంది, వేసవిలో అడుగంటిన బావిలో అదే చేదకు చేతులు పడిపోతాయి. బయట 7 డిగ్రీలు, లోపల 21 డిగ్రీలు అయితే తోడాల్సిన ఎత్తు 14 డిగ్రీలు. భౌతిక సూత్రం ప్రకారం ఒక యూనిట్ కరెంటుకు 21 యూనిట్ల వేడి దాకా రావచ్చు. బయట మైనస్ 15 అయితే ఎత్తు 36 డిగ్రీలకు పెరిగి, ఆ హద్దు 8కి పడిపోతుంది. నిజం యంత్రాల్లో రాపిడి, ఒత్తిడి నష్టాలు పోగా ఇందులో సగం కూడా దక్కదు. మొదటి సందర్భంలో నాలుగుకు పైన, రెండో సందర్భంలో రెండు చిల్లర వస్తే మంచి యంత్రమే. రెండు చిల్లర వచ్చినా మామూలు కరెంటు హీటరుకు రెట్టింపు, ఎందుకంటే హీటరు ఇచ్చేది ఎప్పుడూ ఒకటికి ఒకటే.

మా పిన్ని కూతురి కాపురం డ్రామెన్‌లోనే. 1970లలో కట్టిన చెక్క ఇల్లు, ఊరి అంచున, కొండ వాలులో. మన ఏసీ లాంటి ఇండోర్ యూనిట్ హాలు గోడకు ఉంది, అవుట్‌డోర్ యూనిట్ ఇంటి వెనక. నేను చూడాలన్నానని బావగారు టార్చి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లారు. సాయంత్రం నాలుగుకే చీకటి పడింది, బయట ఒక డిగ్రీ. యూనిట్‌ను నేల మీద కాకుండా మూడడుగుల ఎత్తులో స్టాండు మీద నిలబెట్టారు. వాళ్లు ఇంతకుముందు అద్దెకున్న ఇంట్లో ఎవరు బిగించారో గానీ నేలకు ఆనించి పెట్టారట. ఫిబ్రవరి వచ్చేసరికి యూనిట్ సగం మంచులో కూరుకుపోయి, ఇల్లు వెచ్చబడక బిల్లు మాత్రం పెరిగేదట.

టార్చి వెలుగులో ఫిన్స్ అనే రేకుల మీద తెల్లటి నూగు కనిపించింది. గాలిలోని తేమ ఆ చల్లటి రేకుల మీద పడగానే గడ్డకడుతుంది. నూగు మందమయ్యే కొద్దీ గాలి ఆడక ఫ్యాను మోత మారింది. కాసేపటికి ఫ్యాను ఆగిపోయింది. లోపల ఎక్కడో బుస్సుమని గాలి మళ్లిన శబ్దం. ఆ వాల్వు తిరిగి, యంత్రం కొద్ది నిమిషాల పాటు ఇంట్లోని వేడిని బయటికి పంపిస్తోందన్నమాట. రేకుల మీది నూగు అంచుల నుంచి నల్లబడుతూ కరగడం మొదలైంది. నీళ్లు ధారగా కింది పళ్లెంలోకి, అక్కడి నుంచి నేల మీద ఇదివరకే పేరుకున్న మంచుదిమ్మ మీదికి పడ్డాయి. యూనిట్ మొత్తం ఆవిరి కక్కింది.

"మొదటి ఏడాది ఆ ఆవిరి చూసి యంత్రం తగలబడుతోందని ఏడుపొచ్చినంత పనైంది అన్నయ్యా" అంది చెల్లెలు వంటింటి కిటికీలోంచి. "పక్కింటాయన వచ్చి, అది ఒళ్లు దులుపుకుంటోంది, భయపడొద్దని చెప్పి వెళ్లాడు."

ఇలా దులుపుకోవడానికి అయ్యే కరెంటు కూడా ఆ ఇంటి లెక్కలోకే వస్తుంది. మైనస్ 20లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నూగు తక్కువ. సున్నాకు అటూ ఇటూగా తేమ గాలి ఆడే రోజుల్లోనే ఈ బెడద ఎక్కువ. డ్రామెన్ చలికాలంలో అలాంటి రోజులకు కొదవ లేదు. పెట్టె మీద రాసిన సామర్థ్యపు అంకె ప్రయోగశాలలో, నిర్ణీత పరిస్థితుల్లో కొలిచింది. ఇంటి వెనక పడే ఈ పాట్లన్నీ కలిసిన అంకె ఇంటి మీటరుకే తెలుస్తుంది.

యూరప్‌లో తలకు లెక్కేస్తే హీట్ పంపులు అత్యధికంగా ఉన్న దేశాల్లో నార్వేది మొదటి వరస. పది ఇళ్లలో దాదాపు ఆరింటికి ఉంది. దీని వెనక నీళ్లున్నాయి. దేశంలో పుట్టే కరెంటులో 90 శాతం దాకా జలవిద్యుత్తే, కాబట్టి ఇక్కడి వాళ్లు మొదటి నుంచీ ఇళ్లను కరెంటుతోనే వెచ్చబరుచుకున్నారు. ప్రతి కిటికీ కింద ఒక ప్యానెల్ హీటరు, స్నానాల గది పలకల కింద హీటింగ్ కేబుల్. వానలు బాగా పడ్డ ఏడు ఎవరికీ లోటు తెలియదు. 2002 శరదృతువులో వానలు మొహం చాటేశాయి, రిజర్వాయర్లు అడుగంటాయి, ఆ చలికాలంలో కరెంటు ధర ఆకాశానికి ఎక్కింది. దాంతో 2003లో ఇళ్లలో హీట్ పంపులకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చింది, జనం ఎగబడ్డారు. ఆ డబ్బు పంచింది ట్రోన్‌హైమ్‌లోని ఎనోవా అనే ప్రభుత్వ సంస్థ. తర్వాత 2020 నుంచి ఇళ్లలో కిరసనాయిలు, డీజిల్ లాంటి నూనెలతో వేడి చేసుకోవడాన్ని చట్టంతోనే నిషేధించారు.

రాత్రి భోజనాలయ్యాక నేను కరెంటు బిల్లు అడిగాను. బావగారు నవ్వి, ఇక్కడ బిల్లుకంటే యాప్ చూడాలన్నారు. ఇక్కడ దాదాపు ప్రతి ఇంటికీ స్మార్ట్ మీటరు ఉంది. దానికి చిన్న పరికరం తగిలిస్తే, ఈ క్షణంలో ఎన్ని వాట్లు కాలుతున్నాయో ఫోన్లో కనబడుతుంది. హాల్లో 21 డిగ్రీలు నిలబెట్టడానికి ఆ వేళ హీట్ పంప్ దాదాపు 700 వాట్లు తీసుకుంటోంది. అదే వేడి ప్యానెల్ హీటర్లతో రావాలంటే రెండు వేలు కావాలి. అది చూసి నాకు ముచ్చటేసింది. అంతలో ఎవరో స్నానానికి వెళ్లొచ్చారు. అంకె ఒక్కసారిగా 3,000 దాటి, చాలాసేపటి దాకా దిగలేదు.

నేలమాళిగలోని నీళ్ల ట్యాంకు సంగతి అది. 200 లీటర్ల ట్యాంకులోకి 5 డిగ్రీల నీళ్లు వస్తాయి. పాచిలో పెరిగే సూక్ష్మజీవుల భయంతో ఆ నీటిని 70 డిగ్రీల దాకా కాస్తారు. నిండు ట్యాంకు అలా కాగాలంటే 15 యూనిట్లు కావాలి. హీట్ పంప్ హాలు గోడకు ఉండి గాలిని మాత్రమే వెచ్చబరుస్తుంది. ట్యాంకు జోలికి, స్నానాల గది కేబుళ్ల జోలికి, కారు చార్జరు జోలికి అది వెళ్లదు. 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది కరెంటువే కాబట్టి, కారు కూడా ఇప్పుడు ఇంటి ఖర్చులో ఒక మనిషి కిందే లెక్క. అంటే యంత్రం ఎంత గొప్పదైనా ఇంటి కరెంటులో ఒక వాటా మీదే దాని పెత్తనం.

ఆ వాటాలో కూడా ఆదా ఎటు పోయిందని స్టాటిస్టిక్స్ నార్వే పరిశోధకులు వెతికారు. 2013లో వాళ్లు వెల్లడించిన సంగతి నన్ను చాలాకాలంగా ఆలోచనలో పెట్టింది. హీట్ పంప్ ఉన్న ఇళ్లు, లేని ఇళ్లు సగటున ఇంచుమించు ఒకే మోతాదులో కరెంటు వాడుతున్నాయి. యంత్రం పనిచేయక కాదు. వేడి చవకయ్యేసరికి జనం కట్టెలు, నూనె వాడకం తగ్గించారు. ఒకటి రెండు డిగ్రీలు పెంచారు, ఇదివరకు మూసిపెట్టిన గదులు తెరిచారు, రాత్రిళ్లు తగ్గించడం మానేశారు. వేసవిలో కొందరు దాన్నే ఏసీగా తిప్పారు.

దీన్ని వైఫల్యం అనడానికి నాకు మనసొప్పదు. చలికి ముడుచుకుని ఒక్క గదిలో బతికిన ముసలివాళ్లు ఇల్లంతా తిరగగలుగుతున్నారంటే, ఊళ్లో కట్టెల పొగ తగ్గిందంటే అది నిజమైన లాభం. కాకపోతే దాన్ని ఆదా అని రాసుకుని, ఇన్ని యూనిట్లు మిగిలాయని దేశం లెక్కల్లో చూపడం తప్పు. యంత్రం సామర్థ్యం ఒకటి, ఇంటి వాడకం ఇంకొకటి. మొదటిది కొనుక్కోవచ్చు, రెండోది రోజూ ఆ ఇంట్లో వాళ్లు నిర్ణయించుకునేది.

ఆ నిర్ణయాలకు ధర తోడు రావాలి. దక్షిణ నార్వేలో 2022లో కరెంటు ధర ఎన్నో రెట్లు పెరిగింది, అదే ఏడాది ఉత్తరాన మాత్రం చవకగానే దొరికింది. దేశాన్ని ఐదు ధరల ప్రాంతాలుగా విడగొట్టారు, వాటి మధ్య తీగలకు అంత సత్తువ లేదు. రేపటి ధరలు మధ్యాహ్నానికి తెలిసిపోతాయి. చెల్లెలు బట్టలు ఉతికే మిషనును రాత్రి వేళకు పెట్టేది అందుకే. పైగా 2022 జులై నుంచి, నెలలో వేర్వేరు రోజుల్లో అత్యధికంగా కాల్చిన మూడు గంటల సగటును బట్టి తీగల అద్దె కడుతున్నారు. వంట, స్నానం, కారు ఒకే గంటలో పెట్టుకున్నవాడికి వడ్డింపు ఎక్కువ. ఈ క్రమశిక్షణ మెల్లగా ఇళ్లలోకి వచ్చింది. ఇంతలో 2025 అక్టోబరు నుంచి, కావాలన్నవాళ్లకు యూనిట్‌కు పన్నుతో కలిపి 50 ఓరె, అంటే మన నాలుగు రూపాయల పైచిలుకు, స్థిర ధర ప్రభుత్వమే ఇస్తోంది. గుండెల మీద బరువు దిగిందంది చెల్లెలు. ఇంత చవకైతే ఇక గోడలకు దూది దట్టించేది ఎవరని బావగారు అడిగారు. ఆ ఇంట్లో ఇద్దరి మాటా నిజమే, అయినా నేను బావగారి వైపే ఉంటాను.

డ్రామెన్ తర్వాత ట్రోన్‌హైమ్ బయలుదేరాను. ఓస్లో నుంచి డోవ్రే మార్గంలో రైలు ఏడు గంటల దాకా తీసుకుంటుంది. మ్యోసా సరస్సు పక్కనే చాలాసేపు సాగుతుంది. నార్వేలో అన్నిటికంటే పెద్ద సరస్సు అది. నేను వెళ్లినప్పుడు ఒడ్డు గడ్డకట్టి నడిమి నీరు నల్లగా పొగలు కక్కుతోంది. లిలేహామర్ దాటాక లోయ ఇరుకవుతుంది, ఇళ్లు పల్చబడతాయి. ప్రతి ఇంటి పక్కనా ఒకే కొలతకు నరికి పేర్చిన బిర్చి కట్టెల గోడ. 2013లో ఇక్కడి ప్రభుత్వ టీవీ కట్టెల మీద పన్నెండు గంటల కార్యక్రమం వేసింది, అందులో ఎనిమిది గంటలు మండుతున్న పొయ్యి ఒక్కటే. జనం కూర్చుని చూశారు.

ఆ కట్టెలకు సెంటిమెంటు ఒక్కటే కారణం కాదు. చలి ముదిరేకొద్దీ ఇల్లు ఎక్కువ వేడి అడుగుతుంది, సరిగ్గా అప్పుడే హీట్ పంప్ తక్కువ ఇస్తుంది. మైనస్ 25లో కరెంటు పోతే అసలే ఇవ్వదు. కిలో ఎండు బిర్చి కట్టెలో నాలుగు యూనిట్ల వేడి ఉంటుంది, దానికి తీగ అక్కర్లేదు. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన విశ్రాంత రైల్వే ఉద్యోగి. తన కొండ క్యాబిన్‌లో హీట్ పంప్ 10 డిగ్రీల దగ్గర పెట్టి వచ్చానన్నాడు. దేశంలో ఇలాంటి విడిది ఇళ్లు నాలుగు లక్షలకు పైనే. వాటిలో ఎవరూ లేని ఖాళీ గదులను వెచ్చగా ఉంచడానికి ఎంత కరెంటు పోతోందోనని నేను అన్నాను. గొట్టాలు పగలకుండా అని ఆయన జవాబు చెప్పాడు. కాస్త ఆగి, నీళ్లు ఖాళీ చేసి తాళం పెట్టే పద్ధతి మా నాన్నకు తెలుసు అని తనే అన్నాడు.

యెర్‌కిన్ దగ్గర రైలు వెయ్యి మీటర్ల ఎత్తు దాటుతుంది. చెట్లు లేవు, నేలకూ ఆకాశానికీ హద్దు కనపడలేదు.

ట్రోన్‌హైమ్‌కు నేను వెళ్లింది గుస్తావ్ లోరెంట్‌సెన్ కోసం. 1915లో పుట్టి 1995లో పోయిన ఈ ప్రొఫెసర్ ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో శీతలీకరణ చెప్పేవాడు. ఓజోన్ పొరకు చిల్లు పెడుతున్న వాయువులను ఆపాలని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కంపెనీలు కొత్త కృత్రిమ వాయువుల కోసం పరుగులు పెట్టాయి. ప్రకృతిలో ఇప్పటికే ఉన్న వాటిని వదిలి, పర్యవసానం తెలియని కొత్త రసాయనాలెందుకని ఆయన ప్రశ్న. ఒకప్పుడు ఓడల్లో వాడి, తర్వాత మరిచిపోయిన కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ బయటికి తీశాడు. ఆ వాయువు 31 డిగ్రీలు దాటాక ద్రవంగా మారదు. దాన్ని లోపంగా చూసినవాళ్లకు, విపరీతమైన ఒత్తిడిలో నడిపితే అదే గుణం చన్నీళ్లను ఒకేసారి దాదాపు మరిగే దాకా తీసుకెళ్లడానికి పనికొస్తుందని చూపించాడు. 2001లో జపాన్‌లో ఎకోక్యూట్ పేరుతో ఇళ్లలో నీళ్లు కాచుకునే హీట్ పంపులు వచ్చాయి, వాటిలో తిరిగేది ఈ వాయువే. ఈ రోజు అవి అక్కడ లక్షల ఇళ్లలో ఉన్నాయి.

ఇది మనకు అక్కరలేని చరిత్రేమీ కాదు. నిన్నమొన్నటి దాకా ఏసీల్లో ఎక్కువగా వాడిన ఆర్-410ఏ వాయువు కిలో గాలిలో కలిస్తే, రెండు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడెక్కిస్తుంది. ఇప్పుడొస్తున్న ఆర్-32 అయితే 675 కిలోలంత. గ్యాస్ పట్టించే కుర్రాడు పాతది గాలిలోకి వదిలేసి కొత్తది ఎక్కించడం మన వీధుల్లో రోజూ జరిగేదే. కరెంటు మీటరు ఆ నష్టాన్ని ఎన్నడూ చూపదు.

ట్రోన్‌హైమ్‌లో నది పక్కన పాత చెక్క గిడ్డంగులు వరసగా ఉన్నాయి. రేవు దగ్గర నల్లటి వాలు కప్పుతో 2019లో పూర్తయిన పవర్‌హౌస్ బ్రాత్తోర్‌కాయా భవనం ఉంది. 63 డిగ్రీల ఉత్తరాన, డిసెంబరులో నాలుగైదు గంటలే పొద్దుండే చోట, ఏడాది మొత్తం మీద తాను వాడేదానికంటే ఎక్కువ కరెంటు పుట్టించేలా కట్టారు. కప్పు మీద, గోడల పైభాగంలో కలిపి దాదాపు 3,000 చదరపు మీటర్ల సోలార్ పలకలున్నాయి. వేడికీ చల్లదనానికీ సముద్రపు నీటితో నడిచే హీట్ పంప్. పలకలకంటే నాకు నచ్చింది గోడలు. అంత మందంగా, అంత బిగుతుగా కట్టారు కాబట్టే హీట్ పంప్‌ను పెద్దగా శ్రమ పెట్టనక్కర్లేదు.

విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కాకినాడ అమ్మాయి ఒకామె కొండ మీది క్యాంపస్ చూపించింది. పరిశోధన హీట్ పంపుల మీదే. బెంగళూరు ఐఐఎస్‌సీ, మద్రాసు ఐఐటీలతో కలిసి, మన ఎండల్లో కూడా కార్బన్ డయాక్సైడ్ యంత్రాలు నడిచేలా ఇక్కడివాళ్లు పనిచేశారని చెప్పింది. తన ఆలోచన మాత్రం ఇంకా చిన్నది, ఇంకా దగ్గరిది.

"ఇక్కడ మైనస్ పదిలోంచి వేడి లాగుతున్నారు సార్. మా ఇంట్లో డాబా మీద గాలే ముప్పై డిగ్రీలు. నీళ్లు నలభైకి కాగితే స్నానానికి చాలు. తోడాల్సింది ఎంత, పది డిగ్రీలు. దానికి మనం రెండు కిలోవాట్ల గీజర్ పెడతాం."

మంచులో నిలబడి ఇద్దరం లెక్క వేశాం. నలుగురున్న ఇంట్లో చలికాలం పొద్దుటే 100 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 40కి కాగాలి. గీజర్‌తో 1.75 యూనిట్లు. హీట్ పంప్‌తో అందులో మూడో వంతు చాలు. కాయిల్‌ను నీటికంటే కొంచెం వేడిగా ఉంచాలి కాబట్టి తోడే ఎత్తు పది కాస్తా ఇరవై, పాతిక అవుతుందని ఆమే సరిదిద్దింది. అయినా మూడో వంతు దాటదు. నీళ్లు కాచేటప్పుడు అది చల్లటి గాలి వదులుతుంది, ఆ గాలి వంటింట్లోకి మళ్లిస్తే అదీ లాభమే. మన పెద్ద హోటళ్లు, హాస్టళ్లు కొన్ని ఇప్పటికే ఈ యంత్రాలతో నీళ్లు కాచుకుంటున్నాయి. ఇళ్లకు ఎందుకు రాలేదంటే ధర ఒకటి, జాగా ఒకటి. గీజర్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ పెట్టాలి, ట్యాంకుకు బాల్కనీలోనో డాబా మీదో చోటు కావాలి. అపార్టుమెంటు కట్టేవాడు ప్రతి స్నానాల గదికీ ఒక గీజర్ పాయింటు వదిలి చేతులు దులుపుకుంటాడు. బిల్లు ఇరవై ఏళ్లు కట్టేది కొనుక్కున్నవాళ్లు. ఈ రెండు జేబులూ వేరు కావడమే అసలు అడ్డంకి. ఈ సంగతి నాకు మన ఊళ్లో ఎవరూ చెప్పలేదు.

ఏసీ విషయంలోనూ అదే సూత్రం. విజయవాడలో మే నెల మధ్యాహ్నం బయట 43 ఉన్నప్పుడు గదిని 18కి తెచ్చుకుంటే 25 డిగ్రీల ఎత్తు, 25 దగ్గర ఆపితే 18. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని మన ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 నుంచి స్టార్ గుర్తున్న ప్రతి ఏసీ తెరవగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన కూడా తెచ్చింది. రిమోటు తీసి దాన్ని తగ్గించేది మనమే. ఐదు స్టార్ల ఏసీ కొని, పడమటి గోడకు నీడ లేని గదిలో, తలుపు సందు మూయకుండా పద్దెనిమిదికి పెట్టుకునే ఇళ్లు నా బంధువుల్లోనే ఎన్నో ఉన్నాయి. స్టాటిస్టిక్స్ నార్వే వాళ్లు వెతికినట్టు మన దగ్గర కూడా ఎవరైనా ఆ ఇళ్ల మీటర్లు చూడాలి. ఏసీ కొనక ముందు ఏడాది, కొన్న తర్వాతి ఏడాది, స్టార్లు మారిన తర్వాతి ఏడాది. ఆ అమ్మాయి తిరిగొచ్చాక కాకినాడలో తమ వీధి నుంచే మొదలుపెడతానంది. డాబా మీద చిన్న హీట్ పంప్ ట్యాంకు, కింద స్నానాల గదిలో పాత గీజర్, రెండింటికీ వేరువేరు మీటర్లు, ఏడాది పాటు. వాళ్ల నాన్నగారు సరేనన్నారట, రెండో మీటరు ఖర్చు మాత్రం తనదేనని షరతు పెట్టారట.